లేత్ కింద నేల



ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక చిన్న లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక గ్రైండర్ పెట్టుకుని ఇష్టంకొద్దీ ఇనుప పని చేసుకునేవాళ్లు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా మనకు కనిపిస్తూనే ఉంటారు. అందుకు కారణం ఈ నేల చరిత్రలోనే ఉంది. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని విలియం కింగ్ గుర్తించింది 1871లో. 1889లో తవ్వకం మొదలైంది. ఆ తరువాత కొత్తగూడెంలో సింగరేణి వర్క్‌షాపు, పాల్వంచలో థర్మల్ కేంద్రం, స్పాంజ్ ఐరన్ కర్మాగారం, సారపాకలో కాగితం మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం వచ్చాయి. ఫిట్టింగ్, టర్నింగ్, వెల్డింగ్ తెలిసిన చేతులు ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. డ్యూటీ దిగాక, లేదా రిటైరయ్యాక, ఆ చేతులు ఊరుకోవు. గేటుకు గడియ చేస్తాయి, ట్రాక్టరు పిన్ను తిప్పుతాయి, మనవడికి చిన్న ఆవిరి ఇంజన్ బొమ్మ కూడా చేసిపెడతాయి. ఈ ప్రసంగం వాళ్ల కోసం, వాళ్లను చూసి మొదలుపెడదామనుకుంటున్న కుర్రవాళ్ల కోసం.

ఇలాంటి షెడ్లలో తరచూ వినపడే మాట ఒకటి ఉంది: "మిషన్ పోయింది." నిన్నటిదాకా సాపుగా వచ్చిన షాఫ్టు ఇవాళ ఒక చివర లావుగా, ఒక చివర సన్నంగా వస్తుంది. మోటారు గుంయ్‌మంటుంది కానీ తిరగదు. డ్రిల్ బిట్ పక్కకు జారిపోతుంది. వెంటనే నేరం మిషన్ మీదో, దాన్ని అమ్మినవాడి మీదో, ఇనుము నాణ్యత మీదో పడుతుంది. నా వాదన ఏమిటంటే, ఇంటి వర్క్‌షాపులో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి కారణం మిషన్ లోపల ఉండదు. దాని కింద ఉన్న నేలలో, దానికి వచ్చే కరెంటులో, చుట్టూ ఉన్న ఎండలో, తడిలో ఉంటుంది. మన ప్రాంతంలో ఈ నాలుగూ కాస్త గట్టివే కనుక ముందు వాటిని పరీక్షించాలి. మిషన్ విప్పడం ఆఖరి పని.

ఇందులో ఒక చిక్కు ఉంది. మనం పని నేర్చుకునేది పెద్ద కర్మాగారాల్లో, లేదా ఐటీఐల్లో. మిషన్‌తో పాటు వచ్చే పుస్తకం కూడా కర్మాగారాన్ని మనసులో పెట్టుకుని రాసిందే. అక్కడ లేత్ కింద లోతుగా పోసిన కాంక్రీటు ఉంటుంది. కరెంటుకు వేరే ఫీడరు, త్రీఫేజ్ మోటార్లు ఉంటాయి. గేజీలకు చల్లటి గది ఉంటుంది. ఇవన్నీ ఉన్నాయనే నమ్మకంతో ఆ పుస్తకం నేరుగా మిషన్ దగ్గర మొదలవుతుంది. అదే మనిషి, అంతే నైపుణ్యంతో, ఇంటి షెడ్డులో అదే పని చేస్తే ఫలితం మారిపోతుంది. చేతిలో లోపం లేదు, మిషన్‌లోనూ లేదు. పుస్తకం చెప్పకుండా వదిలేసిన విషయాలు ఇక్కడ లేకపోవడమే కారణం.

వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. టూల్ మొద్దుబారితే జాబ్ మీద, అంటే తిప్పుతున్న ముక్క మీద, అలలు పడతాయి, దానికి నేలను, కరెంటును వెతకడం ఎందుకు అంటారు. నిజమే. ముందు చూడవలసింది టూల్ అంచునే, ఎందుకంటే అది చూడటానికి రెండు నిమిషాలు, పదును పెట్టడానికి పది నిమిషాలు చాలు. టూల్ పోస్టులోంచి టూల్ ఎంత బయటికి వచ్చిందో కూడా అప్పుడే చూడాలి. బయటికి వచ్చిన పొడవు రెట్టింపయితే అదే ఒత్తిడికి టూల్ వంగడం ఎనిమిది రెట్లవుతుంది. దడదడలాడే చాలా జాబులు టూల్‌ను ఒక సెంటీమీటరు లోపలికి జరిపితే చల్లబడతాయి. వేగమూ అంతే. హైస్పీడ్ స్టీల్ టూల్‌తో మైల్డ్ స్టీల్ తిప్పేటప్పుడు నిమిషానికి 25 మీటర్ల వేగం అనుకుంటే, 25 మిల్లీమీటర్ల రాడ్డుకు లేత్ సుమారు 320 చుట్లు తిరిగితే చాలు. 20 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుకు 400 చుట్లే. చిన్న డ్రిల్లింగ్ మిషన్‌లో బెల్టు మార్చే ఓపిక లేక 800 మీద నడిపి, బిట్టు మూలలు కాలిపోతే బిట్టు నాసిరకమని అనడం అన్యాయం. ఇవన్నీ సరిచూశాక కూడా తప్పు మిగిలితేనే నా వాదన మొదలవుతుంది.

సరిచూసే పద్ధతి గురించి ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో ఎఫ్.డబ్ల్యు. టేలర్ లోహాన్ని కోయడం మీద 26 ఏళ్లపాటు ప్రయోగాలు చేసి 1906లో ఫలితాలు వెల్లడించారు. కార్మికుల పక్కన గడియారం పట్టుకుని నిలబడిన మనిషిగా ఆయన మీద విమర్శలున్నాయి, వాటిలో న్యాయం ఉందనే నేనూ అనుకుంటాను. కానీ ఈ ఒక్క పనిలో ఆయన ఓపికకు నమస్కరించాలి. కోత వేగాన్ని ప్రభావితం చేసే సంగతులు 12 అని తేల్చి, పదకొండింటిని కదలకుండా పట్టుకుని ఒక్కదాన్నే మార్చి చూశారు. అందుకే అన్నేళ్లు పట్టింది. మన షెడ్డులో అన్నేళ్లు అక్కర్లేదు కానీ ఆ నియమం కావాలి. టూల్ మార్చి, స్పీడు తగ్గించి, బోల్టులు బిగించి, ఆయిల్ పోసి, ఇన్నీ ఒకేసారి చేస్తే జాబ్ బాగుపడవచ్చు. ఏది బాగుచేసిందో మాత్రం తెలియదు. వచ్చే నెల అదే తప్పు మళ్లీ వస్తే మళ్లీ అన్నీ చేయాలి.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువగా విస్మరించేది ఇదే. ఖమ్మం చుట్టుపక్కల నల్లరేగడి ఉంది, పత్తి, మిరప పండేది అందులోనే. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వేస్తుంది. దాని మీద నాలుగంగుళాల గచ్చు పోసి, నాలుగు మూలలా బోల్టులతో లేత్‌ను బిగిస్తే, గచ్చు ఎటు కదిలితే లేత్ బెడ్డు అటు మెలి తిరుగుతుంది. పోతపోసిన ఇనుము కదా, అది మెలి తిరగడమేమిటి అనిపిస్తుంది. లెక్క చూడండి. బెడ్డు పట్టాల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు, పట్టాల నుంచి సెంటర్ ఎత్తు కూడా 150 అనుకుందాం. టెయిల్‌స్టాక్ వైపు, అంటే జాబ్‌ను పట్టి తిప్పే చక్‌కు ఎదురు చివర, ఒక మూల 0.1 మిల్లీమీటరు పైకి లేచింది, అంటే మామూలు రాత కాగితం మందమంత. అక్కడ పట్టాలు ఆ మేరకు ఒరిగితే, సెంటర్ ఎత్తులో ఉన్న టూల్ కూడా దాదాపు అంతే పక్కకు జరుగుతుంది. బెడ్డు పొడవు 600 అయితే, 100 మిల్లీమీటర్ల జాబ్ మీద వ్యాసంలో తేడా సుమారు 0.03 వస్తుంది. బేరింగ్ కూర్చోబెట్టే షాఫ్టుకు ఆ తేడా చాలు, పని చెడిపోవడానికి. మేస్త్రీల రసమట్టం పెట్టి చూస్తే బుడగ కదిలీ కదలనట్టు ఉంటుంది, కనుక దాన్ని నమ్మి అంతా బాగుందని అనుకోలేం.

దీనికి పరీక్ష లేత్ దగ్గరే ఉంది. 30 మిల్లీమీటర్ల రాడ్డును చక్‌లో పట్టి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా బయటికి వదలాలి. చక్ దగ్గర ఒక చోట, అక్కడికి 100 మిల్లీమీటర్ల దూరంలో మరో చోట వేలెడు వెడల్పు పట్టీలు ఉంచి, మధ్య భాగాన్ని కొంచెం సన్నం చేయాలి. తరువాత బాగా పదునైన టూల్‌తో, టూల్‌ను ముందుకూ వెనక్కీ జరిపే క్రాస్ స్లైడ్‌ను కదిలించకుండా, రెండు పట్టీల మీదా ఒకే సెట్టింగులో పలుచటి కోత వేయాలి. బరువైన కోత వేస్తే రాడ్డు చివర వంగి వెనక్కి పోతుంది, పరీక్ష అబద్ధం చెబుతుంది. ఆపైన మైక్రోమీటర్‌తో రెండు పట్టీలనూ కొలవాలి. చివరి పట్టీ లావుగా ఉంటే, టెయిల్‌స్టాక్ వైపు మనం నిలబడే పక్కనున్న కాలిని కొద్దిగా పైకి లేపాలి. సన్నంగా ఉంటే దించాలి. బోల్టు వదులు చేసి, సన్నని రేకు ముక్క పెట్టి, మళ్లీ బిగించి, మళ్లీ కోత వేసి కొలవాలి. నల్లరేగడి మీద షెడ్డు ఉన్నవాళ్లు ఈ పరీక్ష ఏడాదికి రెండుసార్లు చేయాలని నా గట్టి సలహా: నేల నెర్రెలిచ్చిన మే నెలాఖరులో ఒకసారి, వానలకు తడిసి ఉబ్బిన ఆగస్టులో ఒకసారి. రెండు కొలతలూ వేరుగా వచ్చాయంటే మీ లేత్ అరగలేదు, మీ గచ్చు కదులుతోంది. బల్ల మీద పెట్టే తేలికపాటి లేత్ అయితే ఇంకో దారి కూడా ఉంది. దాని స్టాండును మూడు కాళ్ల మీద నిలబెడితే, మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలిచినట్టు, నేల ఎటు ఒరిగినా లేత్ మొత్తంగా ఒరుగుతుందే కానీ మెలి పడదు. బరువైన లేత్‌కు మాత్రం ఈ సలహా పనికిరాదు, పక్కకు పడిపోయే ప్రమాదం ఉంది. దానికి నాలుగు కాళ్లూ, ప్రతి కాలికీ సర్దుబాటు స్క్రూ ఉండాల్సిందే.

"ఇదంతా కొత్త మిషన్‌కు చెప్పండి, మాది ముప్పై ఏళ్లు నలిగిన సెకండ్ హ్యాండ్ లేత్, చక్ దగ్గర బెడ్డు అరిగిపోయింది, కాగితం మందం సర్దితే ఏమవుతుంది?" అని అడిగేవాళ్లుంటారు. అరుగుదల నిజమే. చక్ దగ్గరి రెండు జానల మేర క్యారేజీ ఎక్కువగా తిరుగుతుంది కనుక బెడ్డు అక్కడే అరుగుతుంది. కానీ మెలికకు, అరుగుదలకు తేడా అదే పరీక్షలో తెలుస్తుంది. రెండు పట్టీలకు బదులు ఐదు పట్టీలు ఉంచి కొలవండి. తేడా ఒకే తీరున పెరుగుతూ పోతే అది మెలిక. ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా దిగిపోతే అది అరుగుదల. మెలికను సాయంత్రానికి సరిచేయవచ్చు. అరుగుదలను సరిచేయడం కష్టం, కానీ ఎక్కడ ఎంత అరిగిందో రాసిపెట్టుకుంటే ముఖ్యమైన జాబును బెడ్డు బాగున్న చోటికి జరిపి తిప్పుకోవచ్చు. కచ్చితమైన వస్తువు దగ్గర లేకపోతే కచ్చితత్వం రాదనే భయం కూడా అక్కర్లేదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1840లో చదివిన పత్రంలో మూడు ఇనుప పలకలను ఒకదానితో ఒకటి జతలు జతలుగా రంగు పూసి సరిచూసుకుంటూ, ఎత్తుగా ఉన్న చుక్కలను గీకుతూ పోతే మూడూ సమతలంగా తయారవుతాయని వివరించారు. రెండే అయితే ఒకదాని గుంట ఇంకోదాని ఉబ్బుకు సరిపోయి మోసం చేయవచ్చు. మూడోది ఆ మోసాన్ని పట్టేస్తుంది. ఆ పనికి కావలసింది గీకుడు కత్తి, రంగు, ఓపిక. ఇంటి పనివాడి దగ్గర ఓపిక ఉంటుంది.

కరెంటు సంగతి ఇంత సున్నితమైంది కాదు, కానీ నష్టం పెద్దది. చర్ల, దుమ్ముగూడెం వైపు లైను చివరి ఊళ్లలో సాయంత్రం అందరి మోటార్లూ నడుస్తున్నప్పుడు 230 వోల్టులు రావాల్సింది 200 వస్తోందనుకుందాం. ఇంటి నుంచి వెనక షెడ్డుకు 30 మీటర్లు, ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగతో లైను లాగారు. రానుపోను 60 మీటర్ల తీగలో నిరోధం సుమారు ఒక ఓమ్. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు స్టార్టయ్యేటప్పుడు దాదాపు 30 ఆంపియర్లు లాగుతుంది. అంటే తీగలోనే 30 వోల్టులకు పైగా పోయి మోటారు దగ్గరికి 167 చేరుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, ఉండాల్సిన బలంలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. అది గుంయ్‌మని నిలబడుతుంది, వేడెక్కుతుంది, నాలుగైదుసార్లు అలా జరిగితే వైండింగ్ కాలుతుంది. ఇంతలో కెపాసిటర్ రెండుసార్లు మార్చి ఉంటారు, మోటారు కంపెనీని తిట్టి ఉంటారు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే తీగలో పోయేది 13 వోల్టులే. మోటారుకు దక్కే బలం పాతిక శాతం పెరుగుతుంది. ఇది తెలియాలంటే వోల్టేజీ కొలవాల్సింది మోటారు ఆగి ఉన్నప్పుడు ఇంటి బోర్డు దగ్గర కాదు, మోటారు స్టార్టవుతున్న క్షణంలో షెడ్డులోని స్విచ్చు దగ్గర. కొలిచేది తెలిసిన ఎలక్ట్రీషియన్ అయితే మంచిది.

ఎండ గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచమంతా పొడవులకు ప్రమాణంగా తీసుకునేది 20 డిగ్రీల ఉష్ణోగ్రత. కొత్తగూడెం, భద్రాచలం మే నెలలో 45 దాటుతాయి. గేజీ, జాబ్ రెండూ ఉక్కువే అయి, రెండూ ఒకే వేడిలో ఉంటే బాధ లేదు, రెండూ కలిసి పెరుగుతాయి. బాధ ఎక్కడంటే, అప్పుడే తిప్పిన 50 మిల్లీమీటర్ల షాఫ్టు షెడ్డు కంటే 30 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు కొలవడంలో. అది 0.018 మిల్లీమీటరు ఎక్కువ చూపిస్తుంది. ఆ సైజు షాఫ్టు మీద బేరింగ్ బిగువుగా కూర్చోవడానికి ఇచ్చే వెసులుబాటు మొత్తం 0.016. వేడి మీద సరిపోయిందని కోత ఆపేస్తే, చల్లారాక బేరింగ్ వదులవుతుంది. నీళ్లలో ముంచి, తుడిచి, కాసేపు ఆగి కొలిస్తే సరి.

తప్పు వస్తువులో కాదు, చుట్టూ ఉన్న పరిస్థితిలో ఉందన్న సూత్రం కొలిమి దగ్గర ఇంకా స్పష్టంగా కనపడుతుంది. కమ్మరి కొలిమి పాకలో ఎప్పుడూ కాస్త చీకటిగా ఉంటుంది. కాలిన ఇనుము రంగు చూసి వేడి పోల్చుకోవాలి కనుక ఆ నీడ కమ్మరికి కొలత పరికరం. లారీ కమాన్ పట్టీతో కొడవలి చేసే ఏ కమ్మరీ పట్టపగటి ఎండలో పదును వేడి చూడడు. సరదాగా పని మొదలుపెట్టిన కుర్రవాడు పెరట్లో ఎండలో కొలిమి పెడతాడు. ఎండలో ఎర్రటి వేడి నల్లగా కనిపిస్తుంది, ఇంకా కాగలేదని ఇంకా కాలుస్తాడు, నీళ్లలో ముంచగానే పట్టీ పగులుతుంది. తప్పు పట్టీ మీద వేస్తాడు. ఎండలోనే చేయక తప్పకపోతే ఒక అయస్కాంతం తాడుకు కట్టి దగ్గర పెట్టుకోవచ్చు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. మామూలు కార్బన్ ఉక్కుకు ముంచే వేడి దానికి కాస్త పైన ఉంటుంది.

ఇక తడి. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 53 దగ్గర మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు నది ఖమ్మంలో కాలనీలను ముంచింది. వరద దిగాక ఇల్లు కడుక్కుని మోటారు స్విచ్చి వేసి చూడటం మనందరికీ అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. బేరింగుల్లో ఒండ్రు ఉంటుంది, వైండింగులో తడి ఉంటుంది. మోటారు విప్పి, మంచినీళ్లతో ఒండ్రు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మెగ్గర్‌తో కొలిచి, ఇన్సులేషన్ కనీసం ఒక మెగా ఓమ్ చూపించాకే కరెంటు ఇవ్వాలి. దీనికంటే తక్కువ మందికి తెలిసిన ప్రమాదం గ్రైండర్ రాయిది. రాయి నీటిని పీలుస్తుంది. ఒక పక్క తడి నిలిస్తే తిరిగేటప్పుడు తూకం తప్పి పగలవచ్చు, ముక్కలు తుపాకి గుండులా వస్తాయి. వరదలో మునిగిన రాయిని మళ్లీ వాడవద్దు. మామూలు రోజుల్లో కూడా కొత్త రాయి ఎక్కించేముందు వేలికి తగిలించి చెక్క పిడితో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే పగులు ఉన్నట్టు. వరద రాని ఇళ్లలో కూడా తడి పని చేస్తూనే ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున చల్లబడిన లేత్ మీద గాలిలోని తేమ మంచులా దిగుతుంది. క్రాస్ స్లైడ్ గట్టిపడిందని స్క్రూలు వదులు చేసేముందు సందుల్లో తుప్పు చూడండి. రాత్రి పని ఆపేటప్పుడు ఇనుప రజను తుడిచి, పలుచగా ఆయిల్ పూస్తే చాలు.

ఇప్పటిదాకా విన్నవాళ్లలో కొందరు, సరదా పనికి ఇంత తంటా ఎందుకు, టౌనులో టర్నర్ దగ్గరికి తీసుకెళ్తే అయిపోతుంది కదా అనుకుంటూ ఉండవచ్చు. టర్నర్ షాపులో మిషన్ ఆగితే రోజు కూలి ఆగుతుంది. అందుకని అక్కడ కారణం వెతికే తీరిక ఉండదు, ఎలాగో సర్ది పని పూర్తి చేస్తారు. అది వాళ్ల తప్పు కాదు. ఇంటి షెడ్డులో ఆ ఒత్తిడి లేదు. లేత్ వారం రోజులు ఆగినా ఎవరూ అడగరు. కారణాన్ని చివరిదాకా వెతకగలిగిన వర్క్‌షాపు ఏదైనా ఉందంటే అది ఇదే. డిజిటల్ రీడింగ్ ఉన్న కొత్త మిషన్ కొంటే ఈ బాధలు పోతాయనేవాళ్లకు నా జవాబు చిన్నది. ఆ అంకెలు టూల్ ఎంత జరిగిందో చెబుతాయి, బెడ్డు ఎటు ఒరిగిందో చెప్పవు. కొత్త మిషన్ కూడా అదే గచ్చు మీద నిలబడుతుంది, అదే తీగ నుంచి కరెంటు తీసుకుంటుంది.

పెద్ద మిస్త్రీలు శబ్దం విని తప్పు చెప్పేస్తారు, కొలతలు ఎందుకు అన్నది కాస్త బరువైన వాదన. వాళ్ల చెవి మీద నాకు గౌరవం ఉంది. బేరింగ్ వదులయిన శబ్దాన్ని, పళ్లు అరిగిన గేరు శబ్దాన్ని వాళ్లు వేరుచేయగలరు. అయితే ఆ చెవి తయారైంది కాంక్రీటు పునాది మీద, సరైన వోల్టేజీ మీద నడిచే మిషన్ల మధ్య. ఒక రేకు షెడ్డులో, 190 వోల్టుల మీద నడిచే మోటారు శబ్దాన్ని ఆ చెవి కూడా బేరింగ్ తప్పుగా పొరబడవచ్చు. పైగా ఆ విద్య మిస్త్రీతోనే పోతుంది. ఒక నోటు పుస్తకంలో తేదీ, పట్టీల కొలతలు, స్టార్టింగ్ వోల్టేజీ, ఏమి మార్చారో, ఏమైందో నాలుగు ముక్కలు రాస్తే, మిస్త్రీ విన్న శబ్దాన్ని ఆ కొలత పక్కన పెట్టి అతని శిష్యుడు కూడా నేర్చుకోగలడు.

మన ఐటీఐలకు ఒక విన్నపం. ఫిట్టర్, టర్నర్ ట్రేడుల్లో పిల్లలు పునాది మీద సిద్ధంగా ఉన్న లేత్ దగ్గరే రెండేళ్లు గడుపుతారు. వాళ్లతో ఒక్క పాత లేత్‌ను విప్పించి, మామూలు గచ్చు మీద మొదటి నుంచి నిలబెట్టించి, రెండు పట్టీల పరీక్ష చేయించి, కాళ్ల కింద రేకు ముక్కలు సర్దించి, పొడవాటి తీగ మీద మోటారు స్టార్ట్ చేయించి వోల్టేజీ కొలిపించండి. దీనికి కొత్త సామాను ఏమీ కొననక్కర్లేదు, ఒక వారం సమయం చాలు. వానాకాలం మొదలయ్యే ముందు ఒక బ్యాచ్, వానలు ముగిశాక ఒక బ్యాచ్ అదే లేత్ మీద ఆ పని చేసి, రెండు బ్యాచ్‌ల కొలతలనూ గోడ మీద పక్కపక్కన రాయించండి.